ఏడున్నర టన్నుల లోపల

కంకర గుంట తూకం గదిలో అంకెలు ఎర్రగా వెలుగుతాయి. కాసేపు అటూ ఇటూ ఊగి ఒకచోట నిలబడతాయి. నిలబడ్డాక ఎవరితోనూ వాదించవు.

ఆగస్టు రెండో శనివారం పొద్దున్న అవి 8,140 దగ్గర నిలబడ్డాయి.

లారీలో స్టీరింగు ముందు కూర్చున్న హార్ట్‌విగ్ లూడర్స్ ఆ అంకెను ఒకసారి చదివాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చదివాడు. పక్క సీట్లో ఆయన భార్య గేసా ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. స్నేహితుడు హిన్నెర్క్ తూకం గది కిటికీలోకి తల దూర్చి చూసి, వెనక్కి వచ్చి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు.

"ఏమిట్రా, లోపల ఏనుగును గాని దాచావా?"

"ముందు ఇసుక లారీ ఎక్కింది కదా, దాని అంకె అలాగే ఉండిపోయిందేమో."

"ఇసుక లారీ పోయి పావుగంటయింది. ఇది నీదే."

"నేను దిగిపోతే?" అంది గేసా.

"నువ్వు దిగితే డెబ్బైఐదు కిలోలు. ఇంకో ఎనిమిదిమంది పెళ్ళాలుంటే సరిపోను."

గేసా నవ్వింది. హార్ట్‌విగ్ నవ్వలేదు. ఆయనకు కావలసిన అంకె 7,490. అంతకు మించి ఒక్క కిలో కూడా ఆయన లైసెన్సు ఒప్పుకోదు. ఆ లైసెన్సు పద్దెనిమిదో ఏట తీసుకున్నది, బూడిదరంగు గుడ్డకాగితం, మడతల దగ్గర చిరిగి అతుకులేసినది. కారుకు పరీక్ష రాస్తే ఏడున్నర టన్నుల లారీ కూడా నడపనిచ్చిన రోజుల నాటిది. ఇప్పటి కుర్రాళ్ళకు ఆ భాగ్యం లేదు. అందుకే ఆ తరం మగవాళ్ళు పింఛను వయసుకు రాగానే సైన్యం అమ్మేసిన పాత లారీల వెంట పడతారు. ఆ బీడునేలల ఊళ్ళలో ప్రతి నాలుగో ఇంటి వెనక ఒక ఆకుపచ్చ లారీ తార్పాలిన్ కింద ఉంటుంది. దాని మీద ఒక పెట్టె, పెట్టెలో ఒక పడక, పడక మీద ఎక్కడో దూరదేశపు పటం. సగం లారీలు కదలవు. కదలకపోవడానికి కారణం ఎక్కువగా ఇంజను కాదు, బరువు.

ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు లారీని హిన్నెర్క్ నడిపాడు. అతను నలభై ఏళ్ళు ట్రాక్టర్లు బాగుచేసినవాడు, పెద్ద లైసెన్సు ఉంది. లారీ కాగితాల్లో మొత్తం బరువు పరిమితి ఇంకా 9,200 కిలోలని ఉంది కాబట్టి హార్ట్‌విగ్ దాన్ని రోడ్డు మీద ముట్టుకోకూడదు. కంకర గుంట రోడ్డు కాదు, ప్రైవేటు స్థలం గనక అక్కడ మాత్రం ఎక్కి కూర్చున్నాడు. నాలుగేళ్ళ నుంచి తన లారీ ఎక్కడికి వెళ్ళినా హార్ట్‌విగ్ దాని వెనక చిన్న కారులో వెళ్తూ దాని పొగ పీలుస్తున్నాడు. కారు ఆయనే నడుపుతాడు. అక్కడి బండ్లకు స్టీరింగు ఎడమవైపు; గేసా ఎప్పుడూ కుడిపక్క సీట్లోనే.

హార్ట్‌విగ్ వడ్రంగి. తలుపులు, మెట్లు, బల్లలు. చెక్కపొడిని అతికించిన పలకలంటే ఆయనకు అసహ్యం. "అది చెక్క కాదు, చెక్క దినం నాటి భోజనం" అంటాడు. ఆయన చేసిన మెట్లు తొక్కి ఊళ్ళో ఒక తరం ముసలిదైంది, మెట్లు కిర్రుమనలేదు. ఏ చెక్క ఘనమీటరుకు ఎంత తూగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అలాంటి మనిషి నాలుగు చలికాలాలు కూర్చుని లారీ పెట్టె లోపలంతా ఓక్, యాష్ చెక్కతో కట్టాడు. కింద ఓక్ నేల, ఓక్ బల్ల, నిలువు అలమారలు, యాష్ బద్దల మంచం. బరువు సంగతి ఆయనకు తెలియక కాదు. తలుపు లోపలివైపు బిగించిన రేకు మీద సైన్యం వాళ్ళు అచ్చుగుద్దిన ఖాళీ బరువు ఉంది. దాన్నుంచి లెక్క వేసుకుని, తనకు ఇంకా చాలా చోటుందనుకున్నాడు.

ఆ రేకును నమ్మడమే తప్పు. కాని ఆ దేశంలో రేకు మీద గుద్దిన అంకెను నమ్మకపోవడం ఎవరికీ చేతకాదు.

నాలుగేళ్ళ కిందట సైనిక డిపోలో చూపుల రోజున హిన్నెర్క్ రేకును నమ్మొద్దనే అన్నాడు. వాన తడిసిన కాంక్రీటు మీద లారీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికీ అద్దం మీద సుద్దతో నంబరు. తాళంచెవి ఇవ్వరు, నడపనివ్వరు, తూచనివ్వరు. చూసుకుని ఇంటికి వెళ్ళి, కవరులో మన ధర రాసి పంపాలి. ఎక్కువ రాసినవాడిది లారీ. తర్వాత వాపసు మాట లేదు.

హిన్నెర్క్ ముందే ఒకటి ఎంచి పెట్టాడు. చదునైన మూతి, పొట్టి ఒళ్ళు, నాలుగు టన్నుల పైచిలుకు బరువు.

"ఇది తీసుకో. పైన ఇల్లు కట్టుకున్నా ఇంకో టన్ను మిగుల్తుంది. గేసాకి పియానో కూడా ఎక్కించుకోవచ్చు."

"గేసాకి పియానో రాదు."

"నేర్చుకుంటుంది. దారి పొడుగునా నీ మొహం చూడ్డం కంటే నయం."

హార్ట్‌విగ్ వినడం లేదు. వరస చివర గుండుముక్కు లారీ ఒకటుంది. ఇంజను ముందుకు పొడుచుకొచ్చి, పైకప్పు గుండ్రంగా, దీపాలు కళ్ళలాగా పైకి తేలి ఉంటుంది. ఆయన దాని దగ్గరికి వెళ్ళి తలుపు తీసి, ఒక కాలు మెట్టు మీద పెట్టి తల లోపలికి పెట్టాడు. తడి కాన్వాసు, డీజిలు, చల్లబడ్డ ఇనుము వాసన. ఆ వాసనతో ఆయన పందొమ్మిదో ఏడు తిరిగొచ్చింది.

అప్పుడు నిర్బంధ సైనిక సేవలో పదిహేను నెలలు ఆయన నడిపింది ఇదే రకం లారీ. గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, మధ్యలో ఇంజను శబ్దం విని సమయం పట్టుకోవాలి. తోటి కుర్రాళ్ళు పళ్ళు కొరికి గేర్లు అరిగించారు. ఆయనకు మాత్రం మూడో రోజుకే పట్టుబడింది. బతుకులో అంత తేలిగ్గా పట్టుబడింది ఆయనకు ఉలి ఒక్కటే.

"హార్ట్‌విగ్, ఇది బరువు" అన్నాడు హిన్నెర్క్ వెనకనుంచి.

"ఐదువేల మూడొందల యాభై. ఇదిగో రాసుంది."

"ఆ రేకు కొట్టినవాడు చచ్చి పదేళ్ళయి ఉంటుంది. తర్వాత దీనికి ఏమేం తగిలించారో ఎవరికి తెలుసు? కింద చూడు, మోకు లాగే యంత్రం ఉంది. అది రేకు నాటిదేనా?"

"సైన్యం తప్పు రాయదు."

"సైన్యమే కదా నీకు రెండు బూట్లూ ఎడమకాలివి ఇచ్చింది?"

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర కవరు అంటించేటప్పుడు గేసా ఒక్కటే అడిగింది: "ఇందులో నా నడుము పడుతుందా?" ఆమెకు నడుం నొప్పి ఇరవై ఏళ్ళ నాటిది. మెత్తటి పరుపు మీద పడుకుంటే పొద్దున్న లేవలేదు. హార్ట్‌విగ్ చేసిన యాష్ బద్దల మంచం మీద అయితే లేవగలదు. "అదే మంచం చేస్తాను" అన్నాడు. ఆమె పత్రికలో చూసి కత్తిరించి దాచుకున్న బొమ్మ ఒకటి ఉంది. జార్జియా కొండల్లో ఒక ఊరు, ఇంటింటికీ ఒక రాతి బురుజు. వాళ్ళ ప్రయాణం అక్కడికి.

తూకం అయ్యాక వచ్చిన సోమవారం వాళ్ళు తనిఖీ ఇంజనీరు రాట్యెన్ దగ్గరికి వెళ్ళారు. నలభై ఏళ్ళావిడ, జుట్టు కురచగా కత్తిరించుకుంది, బల్ల మీద ఒక పెన్సిలు తప్ప ఏమీ ఉంచుకోదు. లారీని కాగితం మీద సన్నబరచడం ఆమె పని. తొమ్మిది టన్నులు మోయగల బండికి "ఇకనుంచి ఏడు వేల నాలుగువందల తొంభై దాటదు" అని రాసి ముద్ర వేస్తే, బండిలో ఒక్క మేకు మారకుండానే అది చిన్న లైసెన్సు వాళ్ళకు దక్కుతుంది. కాని ఆ రాసినది నిజం కావాలి.

"నీళ్ళు, డీజిలు నిండా ఉండాలి. ఇద్దరు మనుషులు. పడక, పొయ్యి బిగించి ఉండాలి. అప్పటికీ ఇంకో వంద కిలోలు ఖాళీ ఉండాలి, మీ బట్టలకీ తిండికీ. అంటే ఏడు వేల మూడువందల తొంభై. మీది ఎంత వచ్చింది?"

హార్ట్‌విగ్ చెప్పాడు.

ఆమె పెన్సిలు తీసుకోకుండానే తీసివేత చేసింది. "ఏడువందల యాభై తగ్గించండి."

"ఎక్కణ్ణించి?"

"అది మీరు చెప్పాలి లూడర్స్‌గారూ. లేదంటే పెద్ద లైసెన్సు తీసుకోండి. మీ వయసుకు డాక్టరు పరీక్ష, కంటి పరీక్ష ఉంటాయి. ఎంతోమంది తీసుకుంటున్నారు. అప్పుడు లారీని తొమ్మిది టన్నులకే ఉంచుకోవచ్చు, నాకూ పని తప్పుతుంది."

హార్ట్‌విగ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయన ఎడమకన్ను చూడ్డానికి బాగానే ఉంటుంది. కాని ముప్పై ఏళ్ళ కిందట రంపం కింద ఎగిరిన యాష్ చీలిక ఒకటి దాని పని ముగించింది. కారుకూ, పాత లైసెన్సుకూ ఒక కన్ను చాలు. పెద్ద లైసెన్సు కొత్తగా కావాలన్నవాడికి రెండూ ఉండాలి. చిత్రమేమిటంటే, పెద్ద లైసెన్సు పాతకాలం నుంచీ ఉన్నవాళ్ళకు ఒక్క కన్నున్నా కొన్ని సడలింపులున్నాయి. కొత్తవాళ్ళకు లేవు.

ఆయనకు అది పాతకాలం నుంచీ ఉండవలసింది. సైన్యంలోంచి విడుదలైన రోజున గుమాస్తా సార్జంటు ఒక కాగితం చేతిలో పెట్టి చెప్పాడు: "లూడర్స్, ఇది సైన్యం లారీ లైసెన్సు. మీ ఊరి ఆఫీసులో చూపిస్తే మామూలు లైసెన్సుగా మార్చి ఇస్తారు. పరీక్ష లేదు, ఏమీ లేదు. రెండేళ్ళలోపు వెళ్ళు." ఆ ఆఫీసు ఆయన పనిచేసే వడ్రంగి షాపుకు ఎదురుగా, వీధి దాటితే వస్తుంది. రెండేళ్ళపాటు రోజూ పొద్దున్నే రొట్టెలు కొనడానికి దాని ముందునుంచే నడిచాడు. బల్లలు చేసేవాడికి లారీ ఎందుకులే అనుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ సొరుగులో ఉంది. సైన్యం బొత్తాలు రెండు, ఒక ఈలతో పాటు.

ఇంజనీరుకు ఇదంతా చెప్పి ప్రయోజనం లేదు. "తగ్గిస్తాను" అని లేచాడు.

ఆ వారంలో మోకు యంత్రం మొదట దిగింది. నూట ఎనభై కిలోలు, రేకు కొట్టిన తర్వాత తగిలించినదే. హిన్నెర్క్ దాని నట్లు విప్పుతూ ఈల వేశాడు. రెండో డీజిలు ట్యాంకు, అందులో డీజిలు కలిపి నూట తొంభై. ఇంకా మూడువందల ఎనభై ఉంది.

ఆ ఆదివారం సాయంత్రం ముగ్గురూ లారీ పెట్టెలో ఓక్ బల్ల చుట్టూ కూర్చుని బీరు తాగారు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి చెక్క తేనెరంగులో మెరిసింది. చుట్టూ కనిపిస్తున్నదే ఆ మూడువందల ఎనభై.

"చెక్క తీసేసి ఆ పల్చటి పలకలు..." అని మొదలుపెట్టాడు హిన్నెర్క్.

"నోరు ముయ్."

"సరే. ముయ్యకపోయినా బరువు అంతే. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే."

అని నాలుక కరుచుకున్నాడు. హార్ట్‌విగ్ పట్టించుకోనట్టు సీసా తిప్పుతూ కూర్చున్నాడు. గేసా చేతిసంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమిటివి?"

"డాక్టరు కాగితం ఒకటి. కంటి డాక్టరు కాగితం ఒకటి. పోయిన గురువారం వెళ్ళాను."

"ఎందుకు?"

"నాకు రెండు కళ్ళూ ఉన్నాయట. ఇదిగో, రాసిచ్చారు." ఆమె కాగితం మీద వేలు పెట్టింది. "డ్రైవింగు బడిలో అడిగాను. సెప్టెంబరు పన్నెండు నుంచి ఒక సీటు ఉందట. పెద్ద లైసెన్సు. అది వస్తే లారీ తొమ్మిది టన్నులకే ఉంటుంది. ఏదీ పీకక్కర్లేదు. నీ బల్లా ఉంటుంది, నా మంచమూ ఉంటుంది."

హిన్నెర్క్ సీసా కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. "అద్గదీ! ఎనిమిదిమంది పెళ్ళాలక్కర్లేదు, ఒక్కతె చాలు."

హార్ట్‌విగ్ కాగితాలు ముట్టుకోలేదు. "ఆ గేర్లు నీకు రావు."

"నీకెలా వచ్చాయి?"

"నాకు పందొమ్మిదేళ్ళు."

"నీకంటే మొద్దుల్ని కూడా కూచోబెట్టి నేర్పింది సైన్యం. నువ్వే చెప్పావు, ఒకడు మూడు నెలలు రివర్సులోనే తిరిగాడని. నాకెందుకు రాదు?"

"నడుం నొప్పితో ఆ స్టీరింగు తిప్పగలవా?"

"మంచం ఉంటే తిప్పగలను. మంచం లేకపోతే పక్కన కూచోను కూడా లేను."

ఆమె నడపడం వద్దనడానికి అసలు కారణం హార్ట్‌విగ్ ఎవరికీ చెప్పలేదు, గేసాకు కూడా. కన్ను పోయిన నాటినుంచి ఆయన ఎప్పుడూ ఎడమవైపు సీట్లో, స్టీరింగు ముందే కూర్చుంటాడు. అప్పుడు గేసా కుడిపక్కన ఉంటుంది, కనిపిస్తుంది. ఆమె నడిపితే ఆయన కుడివైపు కూర్చోవాలి. అప్పుడు ఆమె ఎడమవైపు ఉంటుంది. ఎడమవైపు ఆయనకు ఏమీ లేదు. మంచం మీదా, చర్చిలో బెంచీ మీదా, భోజనాల బల్ల దగ్గరా ముప్పై ఏళ్ళుగా ఆయన ఎంచుకున్న చోట్లన్నీ ఆ ఒక్క లెక్క ప్రకారమే. నెలల తరబడి సాగే ప్రయాణంలో పెళ్ళాం పక్కనే కూర్చుని ఆమె కనపడకపోవడం ఎలా ఉంటుందో ఆయన ఊహించుకోదలచుకోలేదు. ఊహించుకున్నా ఆ సంగతి పైకి చెప్పే మాటలు వడ్రంగం నేర్పలేదు.

"లారీ నాది. నేనే నడుపుతాను" అన్నాడు.

గేసా కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "నీదే" అంది. "ఎవరు కాదన్నారు?"

సెప్టెంబరంతా హార్ట్‌విగ్ తను కట్టినదాన్ని తనే విప్పాడు. ఆయన ఎక్కడా మేకు కొట్టడు, అంతా చెక్కలో చెక్క దూర్చి బిగించిన పని. అందుకే విరగ్గొట్టకుండా విప్పడానికి కట్టినంత ఓపిక పట్టింది. ముందు అలమారలు, తర్వాత బల్ల. నేల పలకలు లేపుతుంటే వాటి అడుగున తను పెన్సిలుతో రాసుకున్న వరస నంబర్లు కనిపించాయి. ఒక్కో ముక్కనూ మోసుకుపోయి వర్క్‌షాపులో గోడవార పేర్చాడు. గేసా కిటికీలోంచి చూసేది, సాయానికి వచ్చేది కాదు. పిలిచేవాడూ కాదు. పన్నెండో తారీకు వచ్చింది, వెళ్ళింది. ఆ రోజు గేసా పొద్దున్నే ఎవరికో ఫోను చేసి రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. హార్ట్‌విగ్ అడగలేదు.

చివర్న మంచం. దాని బద్దలు ఇరవై రెండు. ఆవిరి పట్టి ఒక్కోదాన్నీ వంచి, గేసా పడుకుంటే నడుం దగ్గర ఎంత లేవాలో కొలిచి చేసినవి. తీసి తాడుతో కట్టేటప్పుడు ఆయన మొదటిసారి ఆగాడు. బద్దల కట్టను భుజాన వేసుకుని తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. కిందికి దిగి, మళ్ళీ ఎక్కి, కట్ట లోపల పెట్టి, ఎంత తగ్గిందో మనసులో కూడుకున్నాడు. మంచం ఉంచితే ఎనభై నాలుగు కిలోలు ఎక్కువవుతాయి. ఎన్నిసార్లు కూడినా ఎనభై నాలుగే. నీళ్ళు తగ్గిద్దామంటే రాట్యెన్‌గారు నిండా ఉండాలంటుంది. పొయ్యి తీసేద్దామంటే పొయ్యి లేనిది ప్రయాణపు బండి కాదంటుంది. చక్రం తీసేద్దామంటే చక్రాలు నాలుగే. కట్టను మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. దాని స్థానంలో రెండు మడతమంచాలు గోడకు బిగించాడు, సైన్యానివే, గుడ్డవి.

సెప్టెంబరు ఆఖరి గురువారం హిన్నెర్క్ లారీని తనిఖీకి నడిపించుకొచ్చాడు. తూకం పలక మీద అంకెలు ఊగి ఊగి 7,380 దగ్గర నిలబడ్డాయి. అందులో గేసా వంతు ఇసుక సంచీలు పెట్టారు, ఆమె రాలేదు గనక. రాట్యెన్ పెట్టెలోకి ఎక్కి చూసింది. రేకు గోడలు, అడుగున నల్ల రబ్బరు, మూల పొయ్యి, రెండు మడతమంచాలు. ఆమె గోడ మీద ఒకచోట వేలు పెట్టింది. అక్కడ అలమార ఉన్న మేర రంగు వేరుగా ఉంది.

"ఇక్కడేదో ఉండేది."

"ఉండేది."

రాట్యెన్ కిందికి దిగింది. ముద్ర వేసింది. మధ్యాహ్నానికి ఆఫీసులో కాగితాలు మారాయి. హిన్నెర్క్ చిన్నకారు తాళంచెవి తీసుకుని, లారీ తాళంచెవి హార్ట్‌విగ్ చేతిలో పెట్టాడు.

"ఇక నీ పొగ నేను పీలుస్తానులే, పద."

ఇంటికి పదకొండు కిలోమీటర్లు. హార్ట్‌విగ్ మొదటి గేరు వేశాడు, క్లచ్చి తొక్కాడు, వదిలాడు, ఇంజను మాట విన్నాడు, మళ్ళీ తొక్కాడు. రెండో గేరు వెన్నలా పడింది. చేతికి ఏమీ మరుపు రాలేదు. గుండుముక్కు ముందు దారి, పక్కన ఊదా రంగు దిగిపోయిన బీడు పొదలు, ఒకచోట గొర్రెలు తలెత్తి చూశాయి. నలభై ఏళ్ళు ఆగిన పనిలాగా లేదు, నిన్న ఆపిన పనిలాగా ఉంది. ఖాళీ పెట్టె మాత్రం వెనక డప్పులా మోగుతోంది. ప్రతి గుంతకూ మడతమంచాలు రేకుకు కొట్టుకుంటున్నాయి. గేసాకు ఏదో చెబుదామని కుడివైపు తిరిగాడు. సీటు మీద రాట్యెన్‌గారి ముద్రపడ్డ కాగితం ఉంది.

లారీని ఇంటి ముందు ఆపి హారను కొట్టాడు. ఎవరూ రాలేదు. ఇంట్లో చూశాడు, వంటింట్లో చూశాడు. కాఫీ వాసన వర్క్‌షాపు వైపునుంచి వస్తోంది.

తలుపు తీసి అక్కడే నిలబడ్డాడు.

గోడవార పేర్చిన చెక్కంతా లేదు. వర్క్‌షాపు మధ్యలో ఓక్ నేల పరిచి ఉంది, అడుగున రాసిన నంబర్ల వరసలోనే. దాని మీద అటూ ఇటూ అలమారలు, మధ్యన బల్ల, ఆ చివర యాష్ మంచం, దాని మీద దుప్పటి. సరిగ్గా లారీ పెట్టె పొడుగు, వెడల్పు. గోడలు లేవు, కప్పు లేదు. గేసా బల్ల దగ్గర కూర్చుని రొట్టెకు వెన్న రాస్తోంది. అలమార తలుపు మీద రాతి బురుజుల బొమ్మ అంటించి ఉంది.

"ఒక్కదానివే మోశావా?" అన్నాడు.

"హిన్నెర్క్ కొడుకు వచ్చి మోశాడు. బిగించింది నేనే. నువ్వు చేసిన పని కదా, ఎందులో ఏది దూరాలో చెక్కే చెబుతుంది."

"ముద్ర పడింది."

"విన్నాను హారను." ఆమె రొట్టె కొరికింది. "అయితే వెళ్ళిరా. లారీ అక్కడుంది. ఇల్లు ఇక్కడుంది. నేను ఇంట్లో ఉంటాను."

"గేసా."

"గుడ్డమంచం మీద రెండు రాత్రులు పడుకుంటే మూడో పొద్దున నన్ను దించడానికి ఆ మోకు యంత్రం కావాలి. అది కూడా పీకేశావు." కోపంగా అనలేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

ఆయన బూట్లు విప్పి ఓక్ నేల మీదికి ఎక్కాడు. తను చేసిన నేల కాబట్టి బూట్లతో ఎక్కడం చేతకాలేదు. ఎక్కి అడిగాడు: "ఆ బడిలో సీటు?"

"పన్నెండో తారీకున ఫోను చేసి వద్దన్నాను. వాళ్ళ దగ్గర నేర్పే లారీ ఒక్కటే. మళ్ళీ మార్చిలో మొదలట. అప్పటికే ఐదుగురు పేర్లిచ్చారట."

"ఆరో పేరు..."

"అడిగితే రాసుకుంటారేమో. రాసుకోకపోవచ్చు కూడా. వచ్చినా నేను పరీక్ష తప్పొచ్చు." ఆమె కప్పులో కాఫీ పోసి బల్ల మీదుగా ఇటు జరిపింది. "ముద్ర మళ్ళీ మార్చమంటే రాట్యెన్ ఏమంటుంది?"

"ఏమీ అనదు. ఆవిడ ఏమీ అనదు."

మార్చి నుంచి లెక్క వేసుకుంటే కొండదారుల్లో మంచు పడే వేళకు గాని లైసెన్సు చేతికి రాదు. ఆ పైన ఇంకో చలికాలం. అప్పటికి తనకు అరవై మూడు.

బల్లకు బెంచీ ఒక్కటే, ఇద్దరు పట్టేది. గేసా ఎడమ చివర కూర్చుని ఉంది. మామూలుగా అయితే "అటు జరుగు" అంటాడు, ఆమె జరుగుతుంది, ముప్పై ఏళ్ళుగా జరుగుతూనే ఉంది. ఈసారి అనలేదు. వెళ్ళి కుడివైపు కూర్చున్నాడు. ఎదురుగా తెరిచిన తలుపులోంచి గుండుముక్కు లారీ కనిపిస్తోంది, ఖాళీగా, కాగితాలన్నీ సరిగ్గా. ఎడమపక్కన ఏమీ కనిపించలేదు. కత్తి రొట్టె మీద గీరుకుంటున్న చప్పుడు, కప్పు కింద పెట్టిన చప్పుడు, ఆమె ఊపిరి మాత్రం వినిపించాయి.

"ఏమిటి, అటు కూర్చున్నావు?" అంది ఆమె, ఆ చీకటిలోంచి.

"ఊరికే" అన్నాడు. ఎంత తిరిగితే ఆమె కనిపిస్తుందో చూద్దామని మెల్లగా తల తిప్పసాగాడు.